కన్నం ముందు చేప

మా ఆడపడుచు మొగుడు లక్ష్మీప్రసాద్‌కి నాలుగు డబ్బులొచ్చాక బుద్ధి కూడా వస్తాదేమో అనుకున్నాను. చేప వచ్చింది.

కిందటేడు హోళీ అయిన వారానికి, స్మృతి నగర్‌లో వాళ్ళింటి హాల్లో దేవుడి మందిరం ఉండే గోడ ఖాళీ చేయించి, అక్కడ ఆరడుగుల గాజు తొట్టి పెట్టించాడు. దేవుళ్ళు వంటింట్లోకి, మిక్సీ పక్కకి వెళ్ళిపోయారు. తొట్టిలో ఉప్పునీళ్ళు, తెల్లటి ఇసక, పగడపు రాళ్ళు, పైన నీలం లైటు. ఈ భిలాయి నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూచోవాలి. మే నెలలో ఇక్కడ ఎండలో పెట్టిన సైకిలు సీటు మీద చెయ్యి వెయ్యలేం. అలాంటి ఊళ్ళో సముద్రం అడుగుభాగం కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నాడు మా అన్నయ్య. వరస ప్రకారం ఆయన్ని నేను అన్నయ్యా అనే పిలవాలి. పిలుస్తాను, పిలిస్తే నాకేటి పోయింది.

చూడ్డానికి రమ్మని మా ముగ్గురికీ కబురొచ్చింది. ముగ్గురం అంటే నేను, మా ఆయన గోపాలం, మా మావగారు సూర్యారావు. సెక్టర్ 6లో మావయ్య లీజుకి తీసుకున్న రెండు గదుల క్వార్టర్‌లో ఉంటాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో క్లాసుకి సైన్సు చెప్తాను. గోపాలం హథ్‌ఖోజ్‌లో ఆ బావగారి షెడ్డులోనే పని చేస్తాడు. యాసిడ్ పోసుకునే పెద్ద పెద్ద ఇనప ట్యాంకులకి లోపలివైపు రబ్బరు అంటించే పని అది. పేరుకి సూపర్‌వైజరు. బావ ఎదురుగా ఉంటే కుర్చీలో కూచోడానికి కూడా ఆలోచించే సూపర్‌వైజరు.

"ఇలా రా పద్మా, దీన్ని చూడు," అని లక్ష్మీప్రసాద్ ఉంగరం వేలితో గాజు మీద కొట్టాడు.

చూశాను. వేలెడంత పసుప్పచ్చ చేప. పైకి పొడుచుకొచ్చిన కళ్ళు, కిందికి వాలిపోయిన మూతి, ఎవరి మీదో అలిగిన మొహం. ఇసకలో చిన్న కన్నం ముందు కూచునుంది. కనీసం ఈదను కూడా ఈదడం లేదు. గోబీ అంట దాని పేరు. మా వీధిలో గోబీ తోపుడు బండి మీద వస్తాది, కూరొండుకుంటాం.

"నవ్వకు. దాని వెనకాల చూడు."

కన్నంలోంచి చారల రొయ్య ఒకటి ఇసక తోసుకుంటూ బయటికొచ్చింది. ఇసక పక్కకి పారబోసి మళ్ళీ లోపలికెళ్ళింది. మళ్ళీ వచ్చింది. అంతే దాని పని.

"రొయ్యకి చూపు ఆనదు. తవ్వడం ఒక్కటే వచ్చు. చేపకి తవ్వడం రాదు, చూపు మాత్రం ఫస్ట్ క్లాస్. అందుకని ఇద్దరూ ఒకే కన్నంలో కాపరం. రొయ్య బయట ఉన్నంతసేపూ దాని మీసం ఒకటి చేప ఒంటి మీదే ఉంటాది, చూడు. పెద్ద చేప ఏదైనా ఇటొచ్చిందనుకో, ఇది తోక అల్లాడిస్తాది. అంతే, రొయ్య లోపలికి. పగడాల దిబ్బల పక్కన ఎన్ని యుగాల నుంచో ఇదే పద్ధతి. టీమ్‌వర్క్. మా లేబర్‌కి నేనిదే చెప్తుంటాను."

లేబర్‌కి ఆయన ఏటి చెప్తాడో నాకు తెలుసు. ట్యాంకులోకి ఒకడు దిగితే పైన ఇంకొకడు ఊరికే నిలబడ్డం దేనికి, వాడి చేతికి కూడా ఒక బ్రష్షు ఇవ్వండి అని చెప్తాడు. గోపాలం ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని ఆ సంగతి చెప్పాడు. మరి నువ్వేటన్నావు అని అడిగితే, ఏమీ అనలేదన్నాడు.

మా మావయ్య ఆ ఉపన్యాసం వినట్లేదు. గాజు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. మా వదిన రజనీకుమారి టీ తెచ్చి పక్కన పెడితే అది మీగడ కట్టింది. మేం సమోసాలు తిన్నాం, టీవీ చూశాం, వాళ్ళ కొత్త సోఫా ధర రెండుసార్లు విన్నాం. ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. వెళ్దామని లేచినప్పుడు అన్నాడు.

"ఈడు నా డూటీ సేస్తన్నాడే."

మావయ్య డ్యూటీ సంగతి చెప్పాలి. ఆయన ఇక్కడి స్టీలు ప్లాంటులో పని చేసి రిటైరయ్యాడు. నా పెళ్ళైన కొత్తలో, "ప్లాంట్‌లో ఏటి చేసేవారు మావయ్యా?" అని అడిగాను. "కూచునేవోణ్ణమ్మా," అన్నాడు, ఎంతో గర్వంగా. తమాషా చేస్తున్నాడనుకున్నాను. నిజమే చెప్పాడు. గ్యాసు పైపుల్లోకి, ట్యాంకుల్లోకి మనిషి దిగినప్పుడు అతని బెల్టుకి తాడు కడతారు. ఆ తాడు రెండో కొస పట్టుకుని కన్నం బయట ఒకడు కూచుంటాడు. రెండు నిమిషాలకోసారి బయటివాడు తాడు ఒకసారి లాగాలి. లోపలివాడు ఒకసారి లాగి జవాబివ్వాలి. జవాబు రాకపోతే ఆలోచించకూడదు, మనిషిని బయటికి లాగీడమే. మధ్యలో లేవాలంటే ఇంకొకడు వచ్చి తాడు పట్టుకుని, "తాడు నాది," అని నోటితో అనాలి. ఆ మాట వినేదాకా మొదటివాడు ఒగ్గకూడదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన ఇదే పని చేశాడు. ఆయన తాడు చివర ఒక్కడు కూడా పోలేదు.

రిటైరైన తరవాత కూడా ఏటా విశ్వకర్మ పూజకి పాత డిపార్ట్‌మెంటు వాళ్ళు స్కూటరు మీద వచ్చి ఆయన్ని తీసుకెళ్ళేవారు. కొత్త తాడుకి ఆయన చేత బొట్టు పెట్టించేవారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని తెల్లారగట్టే తయారైపోయేవాడు. ఆ తయారవడం చూసి నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. పక్క క్వార్టర్లలో మావగార్లు ఫర్నేసు దగ్గర, రోలింగ్ మిల్లు దగ్గర పని చేశామని చెప్పుకుంటారు. మా ఆయనగారి తండ్రి స్టూలు మీద కూచున్నాడు. దానికి బొట్టొకటి.

ఆ రోజు నుంచి వారానికి మూడుసార్లు ఆయన సైకిలెక్కి స్మృతి నగర్ వెళ్ళడం మొదలెట్టాడు. తొట్టి పెట్టిన కంపెనీ కుర్రాడి దగ్గర నీళ్ళు మార్చడం, ఉప్పు కలిపి కొలవడం, గాజు మీద నాచు గీకడం నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ కుర్రాణ్ణి రావద్దని చెప్పీసాడు లక్ష్మీప్రసాద్. జీతం లేని మనిషి ఇంట్లోనే దొరికాడు మరి.

"అల్లుడింట్లో బకెట్లు మొయ్యడానికి సిగ్గుగా లేదా మావయ్యా?" అని అడిగాను ఒకసారి.

"అల్లుడికి కాదమ్మా, ఆడికి," అన్నాడు. ఆడంటే చేప. "నీరు ఇరవయ్యారు డిగ్రీలుండాల. ముప్ఫై దాటిందంటే ఆడికి ఊపిరాడదు. అయినా కన్నం ఒగ్గడు. నానడిగాను ఆ కుర్రోణ్ణి, రొయ్య సచ్చిపోతే ఆడేటి సేస్తాడని. అక్కడే కూచుంటాడంట."

"అంత పనీ పాటా లేకపోతే కూచోక ఏటి చేస్తాది."

ఆయన సైకిలు తాళం తీసుకుని బయటికెళ్ళాడు. వాళ్ళ వంశంలో మగవాళ్ళకి జవాబు చెప్పే అలవాటు లేదు. గోపాలమూ అంతే. పెళ్ళై పద్ధెనిమిదేళ్ళు, పిల్లల్లేరు, మాటాడుకోవాల్సింది మేమిద్దరమే. నేను పది మాటలంటే ఒకదానికి జవాబు వస్తాది, అది కూడా మర్నాడు.

మే వచ్చింది. మా స్కూలు మూసేశారు. షెడ్డులో కూలీలు బీడీలు చుట్టే తెందూ ఆకు కోతకి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఈ వైపు మే నెలలో ఆకు కోత ఒదులుకుని రబ్బరు అంటించేవాడు ఎవడూ లేడు, అది ప్రతి ఏడూ ఉన్నదే. లక్ష్మీప్రసాద్‌కి మాత్రం ప్రతి ఏడూ అది ఆశ్చర్యమే. అప్పటికి రాయపూర్ వైపు పెద్ద కంపెనీ ఒకటి ఇచ్చిన ట్యాంకు షెడ్డులో ఉంది. ఆ పని నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. వాళ్ళ పర్చేజ్ ఆఫీసరు భార్యతో సహా ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. ముందు భోజనం, చేపల తొట్టి చూడ్డం, ఆ తరవాత షెడ్డు. ఆవిడకి చేపలంటే ఇష్టమంట.

"గోపాలం, రెండ్రోజులు నువ్వే దిగీ," అన్నాడు లక్ష్మీప్రసాద్.

దిగుతానన్నాడు నా మొగుడు. ట్యాంకు లోపల రబ్బరు అంటడానికి పూసే సొల్యూషన్ ఉంటాదే, దాని వాసనకి షెడ్డు బయట కూచున్న కుక్క కూడా లేచి పోతాది. పైన ఒకే ఒక్క కన్నం, మనిషి దూరేంత. దాంట్లోంచి గొట్టం వేసి ఒక బ్లోయరు లోపలికి గాలి కొడుతుంటాది. తోడుగా పైన మనిషి లేడు.

ఆ సంగతి వినగానే మావయ్య కంచం ముందు నుంచి లేచాడు. అలమరాలోంచి తన పాత బెల్టు, తాడు తీశాడు. "నాను కూచుంటాను," అన్నాడు.

"నీకు జీతం ఎవడిస్తాడు నాన్నా?" అన్నాడు గోపాలం.

"నిన్ను లోపలికి పంపి నాను జీతం అడుగుతానేట్రా."

మొదటి రోజు బాగానే గడిచింది. అల్లుడికి కూడా బాగుంది, ఉచితంగా మనిషొచ్చాడు. రెండో రోజు ఇరవై రెండో తారీకు. పొద్దున్నే నేను గోపాలం మీద పడ్డాను.

"మీ అక్క ఇంట్లో విందు. నీకు పిలుపుందా? లేదు. పిలిచినా ఆ కంపు ఒంటితో ఎలా వెళ్తావు. ఆయన హాల్లో కూచుని చేప గురించి కథలు చెప్తాడు, నువ్వు ట్యాంకులో దూరి బురద పూస్తావు. మనిషన్నవాడికి ఒక మాట అడగడం రావాలి."

అతను టిఫిను డబ్బా మూత బిగించుకుంటున్నాడు. బిగించడం అయిపోయింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెనకాల మావయ్య తాడు భుజాన వేసుకుని వెళ్ళాడు.

పదకొండున్నరకి వదిన ఫోను.

"పద్మా, తొట్టి చల్లబరిచే మిషను స్టెబిలైజరు కాలిపోయిందే. నీరు వేడెక్కిపోతోంది. ఆ పసుప్పచ్చ చేప పక్కకి ఒరిగిపోయి నోరు తెరుస్తోంది. ఒంటిగంటకి వాళ్ళొచ్చీస్తారు. నాన్నకి ఫోను చేస్తే ఎత్తట్లేదు. మీ అన్నయ్య బీపీ పెరిగిపోయి అరుస్తున్నారు. నువ్వెళ్ళి నాన్నని పంపీ, నీకు పుణ్యముంటాది."

మావయ్య ఎందుకు ఎత్తుతాడు. తాడు పట్టుకున్నప్పుడు ఫోను సైకిలుకి కట్టిన సంచిలో పెట్టేస్తాడు. నాకు వెళ్ళాలని లేదు. కానీ ఒక చేప కోసం ఆ ఇంటి వాళ్ళు పడే హడావుడి వినడానికి మాత్రం హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు. మొహానికి తువ్వాలు చుట్టుకుని స్కూటీ తీశాను.

షెడ్డులో ఆ ట్యాంకు అడ్డంగా పడుకోబెట్టి ఉంది. ఇనప మెట్లెక్కితే పైన కన్నం. మావయ్య కన్నం పక్కన స్టూలు మీద కూచునున్నాడు, తాడు మణికట్టుకి ఒక చుట్టు వేసుకుని. బ్లోయరు హోరుకి ఒకరి మాట ఒకరికి వినపడదు. చెవి దగ్గర అరిచాను.

"మీ చేప చచ్చిపోతోందంట. రమ్మంటున్నారు."

"పని అవనీ. ఇంకో గంట," అన్నాడు.

"గంటలో ఏటి మిగుల్తాది మావయ్యా. పక్కకి ఒరిగిపోయిందంట. నోరు తెరుస్తోందంట."

ఆయన ముఖం మారింది. తాడు లాగాడు. లోపల్నుంచి జవాబొచ్చింది. మళ్ళీ లాగాడు, అవసరం లేకపోయినా.

"గోపాలాన్ని బయటికి పిలుస్తాను. నానొచ్చాక మళ్ళీ దిగుతాడు."

"బాగుంది. మధ్యలో ఆపితే పూసిందంతా ఆరిపోతాది, మళ్ళీ మొదటికొస్తాది, మీ అల్లుడు ఇతన్నే తిడతాడు. ఇందులో అంత బ్రహ్మవిద్య ఏటుంది మావయ్యా, రెండు నిమిషాలకోసారి తాడు లాగడమే కదా. నాకివ్వండి. నేను ఎమ్మెస్సీ చదివాను."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో ఏముందో అప్పుడు నేను పట్టించుకోలేదు. మణికట్టు చుట్టు విప్పి తాడు నా చేతిలో పెట్టాడు గాని రెండో చెయ్యి ఒగ్గలేదు.

"జవాబు రాపోతే ఆలోసించకు. పక్క షెడ్డోళ్ళని కేకెయ్యి, లాగీడమే. సెప్పు, తాడు ఎవలిది?"

"నాదే."

"అలగ కాదు."

"తాడు నాది. చాలా?"

అప్పుడు ఒగ్గాడు. మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూసి, సైకిలెక్కాడు. అన్నేళ్ళలో ఆయన కన్నం దగ్గర్నుంచి లేవడం అదే మొదటిసారి అనుకుంటా. చేప కోసం లేచాడు.

స్టూలు మీద కూచున్నాను. లాగాను, జవాబొచ్చింది. లాగాను, జవాబొచ్చింది. రేకుల కింద వేడికి జాకెట్టు ఒంటికంటుకుపోతోంది. దీనికా ముప్ఫై నాలుగేళ్ళ జీతం, దీనికా బొట్టు అనుకున్నాను. కోతికి నేర్పినా చేస్తాది. మళ్ళీ లాగాను. జవాబొచ్చింది.

ముప్పావుగంట పోయాక వదిన ఫోను చేసింది. బ్లోయరు హోరులో ఏమీ వినపడలేదు. ఇంతలో ఆ హోరు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను, వదిన గొంతు చక్కగా వినపడింది.

"నాన్న వచ్చీసారే. ఐసు సీసాలు వేసి, ఇంతసేపూ గరిటెతో నీళ్ళు తిప్పి, ఇప్పుడే అటు బయల్దేరారు. చేప లేచింది. మళ్ళీ కన్నం ముందుకెళ్ళి కూచుంది. మీ అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇంతకీ నువ్వు ఆ బొబ్బట్ల ఆవిడ నంబరు పంపలేదు..."

బొబ్బట్ల ఆవిడ నంబరు వెతికి చెప్పాను. అతిథులు ఏం కట్టుకొస్తారో, వదిన ఏం కట్టుకుందో విన్నాను. నన్ను పిలవని విందు గురించి నేనే నాలుగు ప్రశ్నలు వేసి మరీ విన్నాను. ఏడు నిమిషాలు. తరవాత ఫోన్లో చూశాను కాబట్టి తెలుసు.

పెట్టేసి తాడు లాగాను. జవాబు లేదు.

ఆలోచించకు అన్నాడు మావయ్య. నేను ఆలోచించాను. పొద్దున అన్న మాటలకి అలిగాడనుకున్నాను. పైన నాన్న బదులు నేను కూచున్నానని లాగే తీరులోనే తెలిసిపోయి ఉంటాది, అందుకని ఊరుకున్నాడనుకున్నాను. ఇంట్లో ఎన్నిసార్లు పిలిస్తే పలికాడు గనక. ఇంకోసారి గట్టిగా లాగాను. తాడు బరువుగా ఉంది, అంతే. నీకంత పొగరైతే నాకు లేదా అనుకుని కొంగుతో విసురుకుంటూ కూచున్నాను.

అలా ఎంతసేపు కూచున్నానో ఏ ఫోనూ చెప్పదు. మూడు నిమిషాలో, నాలుగో. షెడ్డు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి బ్లోయరు వైపు చూశాను. వైరు ప్లగ్గు నల్లగా మాడి సాకెట్‌లోంచి కిందికి వేలాడుతోంది.

నా కేకలకి పక్క లేత్ షెడ్డు నుంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చి లాగారు. మావయ్య బెల్టు గట్టిది. గోపాలం కన్నంలోంచి బయటికొచ్చినప్పుడు చేతిలో బ్రష్షు ఇంకా ఉంది. వాళ్ళ సరుకుల బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బండి ఎక్కిస్తుంటే మావయ్య సైకిలు మీద వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడి. మాడిన ప్లగ్గు చూశాడు, స్టూలు చూశాడు, స్టూలు మీద ఉన్న నా ఫోను చూశాడు. బండెక్కి కొడుకు తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

పంతొమ్మిది రోజులకి గోపాలం ఇంటికొచ్చాడు. మనిషి దక్కాడు. మనం ఒక మాట అడిగితే అది అతని దాకా వెళ్ళి తిరిగి రావడానికి టైము పడతాది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతాది. ఎక్కడున్నా ఉన్నట్టుండి ఒరిగిపోతాడు, కాబట్టి ఒంటరిగా ఒదలొద్దన్నారు డాక్టర్లు. ఆసుపత్రికి లక్ష్మీప్రసాద్ రెండుసార్లు వచ్చాడు. రెండోసారి నన్ను వరండాలోకి పిలిచాడు.

"చూడమ్మా పద్మా. పైనున్న మనిషిని చేప కోసం ఇంటికి పిలిపించానని తెలిస్తే యూనిట్‌కి తాళం పడతాది. అలాగే పైన కూచున్నది నువ్వని తెలిస్తే కేసు నీ మీదకొస్తాది. నీ టీచరు ఉద్యోగం కూడా ఉండదు. మనం మనం ఒకటే కదా."

అంతటి వెధవ మాట అన్నవాడి మొహాన ఉమ్మెయ్యాల్సింది. నేను తలూపాను.

జూన్ చివర్లో ఫ్యాక్టరీల ఆఫీసు నుంచి ఒకాయన విచారణకి వచ్చాడు. షెడ్డు చూశాక కాగితాలు రాసుకోడానికి స్మృతి నగర్‌లో వాళ్ళ హాల్లోనే కూచున్నాడు, తొట్టికి ఎదురుగా. లేత్ షెడ్డు వాళ్ళిద్దర్నీ కూడా పిలిపించారు. వాళ్ళు కేకలు విని వచ్చామన్నారు. అప్పటికి ఎవరెవరు ఉన్నారో గుర్తులేదన్నారు. నేను పళ్ళెంలో టీలు తెచ్చి ఒక్కొక్కరికీ ఇస్తున్నాను.

"రస్సీ కిస్ కే హాథ్ మే థీ?" తాడు ఎవరి చేతిలో ఉందని అడిగాడు ఆఫీసరు.

లక్ష్మీప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. ఏదో తయారు చేసుకునే ఉంటాడు, ఎవరూ లేరనో, గోపాలం చెప్పకుండా దిగాడనో. ఆయన నోరు తెరిచేలోపు మావయ్య లేచి నిలబడ్డాడు.

"తాడు నాది," అన్నాడు తెలుగులోనే. మళ్ళీ హిందీలో చెప్పాడు. "మేరే హాథ్ మే థీ సాబ్. ఝప్కీ లగ్ గయీ."

కునుకు పట్టిందన్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు. పేరు, వయసు, పాత ఉద్యోగం అడిగాడు. గ్యాస్ సేఫ్టీ అని చెప్తే తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ రాసుకున్నాడు. ఆయన ముందు టీ కప్పు పెట్టాల్సింది నేనే. పెట్టాను. చెప్పాల్సిన మాట నోటిలోనే ఉంది, పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. మిక్సీ పక్కన దేవుళ్ళున్నారు. గుమ్మంలోంచి చూస్తే గాజు వెనకాల ఆ పసుప్పచ్చ చేప కన్నం ముందే కూచునుంది, రొయ్య ఇసక తోస్తోంది. వారం తిరక్కుండా లక్ష్మీప్రసాద్ స్వీటు డబ్బా పట్టుకుని మా క్వార్టర్‌కి వచ్చి, "మావయ్యగారు దేవుడు," అని వెళ్ళాడు. ఆ డబ్బా వీధి కుక్కలకి పెట్టాను. ఆ మాత్రం చేసే ధైర్యం ఉంది నాకు.

మాట ఊరంతా పాకింది. సాయంత్రాలు మార్కెట్ దగ్గర అరుగు మీద రిటైరైన తెలుగువాళ్ళు కూచుంటారు. వాళ్ళలో ఒకాయన మావయ్యకి కొత్త పేరు పెట్టాడని పాలవాడు చెప్పాడు. కునుకు సూర్యారావు. కొడుకు లోపలుంటే కునుకు తీశాడట, ముప్ఫై నాలుగేళ్ళూ ఎన్ని కునుకులు తీశాడో అని నవ్వుకున్నారట. ఆయన అటు వెళ్ళడం మానేశాడు. స్మృతి నగర్ వెళ్ళడమూ మానేశాడు. ఒకసారి మాత్రం అడిగాను, ఎందుకలా చెప్పారని.

"నాను లేవకూడదు. లేసాను," అన్నాడు. "మిగతాదాంతో నీకు పని లేదు."

సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ. ప్లాంట్ వైపు నుంచి పొద్దుట్నుంచీ మైకుల్లో పాటలు. మావయ్య గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కుర్చీ రోడ్డు వైపు తిప్పి కూచున్నాడు. తొమ్మిదైంది, పదకొండైంది. మూడు స్కూటర్లు వీధిలోకొచ్చి మూడూ ముందుకే వెళ్ళిపోయాయి. పన్నెండున్నరకి ఆయన లేచి లోపలికొచ్చి, చొక్కా విప్పి, మడతలు చెదరకుండా మళ్ళీ పెట్టెలో పెడుతున్నాడు.

నేను అప్పుడు బాత్రూము గుమ్మం పక్కన పీట మీద కూచునున్నాను. గోపాలం స్నానం చేస్తున్నంతసేపూ అక్కడే కూచుంటాను, రెండు నిమిషాలకోసారి తలుపు మీద కొడతాను. ఆయన ఆ చొక్కా మడత పెడుతున్న తీరు చూసేసరికి నా వల్ల కాలేదు. లేచాను. చెప్పులు వెతుక్కున్నాను.

"నేను మీ డిపార్ట్‌మెంటుకి వెళ్ళొస్తాను మావయ్యా. ఆ మార్కెట్ అరుగు దగ్గరికి కూడా వెళ్తాను. తాడు ఎవరి చేతిలో ఉందో అందరికీ చెప్పీసి వస్తాను."

ఆయన పెట్టె మూత వేశాడు. నా వైపు చూడలేదు. నా వెనకాల మూసున్న తలుపు వైపు చూశాడు.

"ఆడు లోపలున్నాడు," అన్నాడు. "నువ్వు లేసావేటి?"

చెప్పులు ఒదిలేసి మళ్ళీ పీట మీద కూచున్నాను. తలుపు మీద ఒకసారి కొట్టాను. జవాబు రావడానికి కొంచెం టైము పట్టింది. లోపల్నుంచి ఒకసారి కొట్టాడు.